కాన్పుకు ముఖ్య అతిథి

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎన్ని పురుళ్లు పోశానో నాకే గుర్తులేదు గానీ, శాలువా కప్పి, దండ వేసి, జ్యోతి వెలిగించి పోసిన పురుళ్లు మాత్రం ఆ నాలుగు నెలల్లోనే. మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో నాకైతే నవ్వే తీరిక కూడా లేకపోయింది.

నా పేరు దీవెనమ్మ. చినరేవు ముప్పై పడకల ప్రభుత్వాసుపత్రిలో లేబర్ రూము నర్సుని. నోరు కాస్త పెద్దది. ఈ సంగతి మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు, చుట్టుపక్కల లంక గ్రామాల ఆడవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ఆ విషయానికి తర్వాత వస్తాను, తప్పించుకోను.

ఆషాఢంలో ఒక సోమవారం పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "విషయము: గౌరవపూర్వక మాతృత్వ సేవలు - సమాజ భాగస్వామ్యంతో ప్రోత్సాహము - తక్షణ అమలు - గురించి." మా సూపరింటెండెంటు డాక్టర్ చిదంబరరావుగారు అందరినీ పిలిచి, నిలబడి చదివారు. ఆయన ఏ సర్క్యులర్నీ కూర్చుని చదవరు. ప్రసవానికి వచ్చే ప్రతి గర్భిణీని గౌరవించవలెను. ఒక సమాజ భాగస్వామిని లేబర్ రూములో తోడుగా అనుమతించవలెను. గౌరవించు విధానము అనుబంధం-3లో చూడుడు.

కాగితాలు తిరగేశారు. అనుబంధం-1 ఉంది, ఫొటోలు ఎలా పంపాలో అందులో ఉంది. అనుబంధం-2 ఉంది, ఫొటోలు పంపకపోతే ఏమవుతుందో అందులో ఉంది. అనుబంధం-3 లేదు.

"దానికి అనుబంధం దేనికండీ?" అన్నాను నేను. "వచ్చినమ్మాయిని పేరు పెట్టి పిలుద్దాం. గుమ్మానికో పరదా వేద్దాం. వాళ్లమ్మనో, ఆ పిల్ల కావాలన్నవాళ్లనో లోపలికి రానిద్దాం. మేం నోరు అదుపులో పెట్టుకుంటాం. అంతేకదండీ గౌరవం అంటే?"

చిదంబరరావుగారు నా వంక జాలిగా చూశారు. "దీవెనమ్మగారూ, అది మీ అభిప్రాయం. అనుబంధం అభిప్రాయం వేరే ఉండొచ్చు. ప్రభుత్వం గౌరవించమంది కదా అని మనిష్టం వచ్చినట్టు గౌరవిస్తే రేపు ఆడిట్లో ఎవరు జవాబు చెబుతారు?"

జిల్లాకి ఉత్తరం రాశారు. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. "అనుబంధం-3 పైస్థాయిలో పరిశీలనలో ఉన్నది. అది అందువరకు, స్థానికముగా పెద్దలను గౌరవించుటకు ఏ పద్ధతి వాడుకలో ఉన్నదో ఆ పద్ధతిలోనే గర్భిణీ స్త్రీలను గౌరవించవలెను."

మన వైపు పెద్దల్ని గౌరవించడమంటే ఏం చేస్తారో మీకు చెప్పాలా? అదే చేశాం.

ముందుగా గౌరవ కమిటీ వేశారు. సమాజం భాగస్వామి కావాలి కదా మరి. చైర్మన్‌గా రిటైర్డు హెడ్మాస్టరు కాశీవిశ్వనాథంగారు. ఆయన రిటైరై ఎనిమిదేళ్లయినా ఆయన గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది. సభ్యుడిగా టెంట్ హౌస్ భద్రం. కుర్చీలూ మైకూ అతనివే కాబట్టి అతను లేని కమిటీ మా ఊళ్లో ఏదీ ఉండదు. తక్కినవాళ్లు కూడా మగవాళ్లే. మహిళా కోటా ఒకటుందని గుర్తొచ్చి, కాశీవిశ్వనాథంగారి భార్యని వేశారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అందుచేత ఆవిడ తరఫున కూడా మాస్టారే హాజరై, ఆవిడ తరఫున కూడా మాస్టారే మాట్లాడేవారు.

తర్వాత వేదిక. కార్యక్రమం లేబర్ రూముకి సంబంధించింది కాబట్టి సరిగ్గా లేబర్ రూము గుమ్మం ముందే, వరండా అడ్డంగా వేదిక కట్టించారు. దాని వెనక మెరూన్ రంగు వెల్వెట్ పరదా, దాని మీద థర్మాకోల్ అక్షరాలు, "గౌరవమే మా ధ్యేయం" అని. ఆ గుమ్మానికి ఒక పరదా ఇప్పించండి బాబూ అని మూడేళ్లుగా నేను ఇండెంట్లు రాస్తున్నాను. రాలేదు. వేదికకి మాత్రం రెండు రోజుల్లో వచ్చింది! పక్కనున్న చిన్న తలుపుకి అడ్డంగా జ్ఞాపికల అట్టపెట్టెలు పేర్చారు. దాంతో లేబర్ రూములోకి వెళ్లాలంటే వేదిక ఎక్కాల్సిందే, ఇంకో దారి లేదు. వేదిక ఎక్కాలంటే మైకులో ఎవరో ఆహ్వానించాలి.

వరసేమిటంటే, నొప్పులతో వచ్చినమ్మాయిని ముందు వేదిక మీద కూర్చోబెట్టాలి. జ్యోతి ప్రజ్వలన. ప్రార్థన. అధ్యక్షోపన్యాసం. శాలువా, దండ, జ్ఞాపిక. వందన సమర్పణ. ఆ తర్వాత అడ్మిషన్.

మొదటివారంలోనే ఒక పిల్ల వందన సమర్పణ దాకా ఆగలేకపోయింది. భద్రం "టెంట్ హౌస్ వారికి ప్రత్యేక ధన్యవాదములు" అంటుండగా వేదిక వెనకే కనేసింది. ఆ పాపకి వందన అనే పేరు పెట్టుకున్నారు. చిదంబరరావుగారు నన్ను గదిలోకి పిలిపించుకున్నారు.

"సభ ముగియకముందే ప్రసవాన్ని ఎలా అనుమతించారు?"

"నన్ను అడిగి రాలేదండి."

"సభామర్యాద అంటూ ఒకటుంటుందమ్మా. మీరైనా చెప్పాలి కదా వాళ్లకి."

ఇంకా నయం, అది ఫొటోలు పంపే యాప్ ఇంకా రాని రోజుల్లో. మరుసటి నెలలో గౌరవ యాప్ వచ్చింది. శాలువాతో గర్భిణీ ఫొటో తీసి అందులో పెట్టాలి. మొహంలో సంతృప్తి కనిపిస్తేనే అది తీసుకుంటుంది, లేకపోతే "చిరునవ్వు గుర్తించబడలేదు, మరల ప్రయత్నించండి" అంటుంది. నొప్పుల్లో ఉన్న మనిషి ఎక్కడ నవ్వుతుందండీ? ఆ బాధ్యత కాశీవిశ్వనాథంగారు తీసుకున్నారు. తాను ఏడో తరగతికి చెప్పిన హాస్యోక్తులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకొచ్చి, నొప్పులు పడుతున్న అమ్మాయిల మొహం ముందు నిలబడి ఒక్కొక్కటీ చదివేవారు. ఒక్కరైనా నవ్విన పాపాన పోలేదు. ఒకమ్మాయైతే ఆయన చొక్కా పట్టుకుంది. ఆ లాగడంలో పళ్లు బయటపడేసరికి యాప్ దాన్ని చిరునవ్వు కిందే తీసుకుంది.

ఇక తోడు సంగతి. సర్క్యులర్లో ఉన్నది "సమాజ భాగస్వామి" కదా. కమిటీ కూర్చుని తీర్మానం చేసింది, లేబర్ రూములో తోడుగా ఉండే అర్హత కమిటీ సభ్యులకే అని. వాళ్లకి అయిదు రోజుల శిక్షణ ఇచ్చి మెడలో కార్డులు కూడా వేశారు. మగవాళ్లు లేబర్ రూములోకి వస్తే బాగుండదని వాళ్లకే తోచింది కాబట్టి, బయట వేదిక మీదే ఉండి మైకులో తోడుండేవారు. "ధైర్యంగా ఉండమ్మా! సమాజం నీ వెంటే ఉంది!" అని మాస్టారు అరుస్తుంటే లోపల ట్రేలో పరికరాలు గలగలమనేవి.

ఇప్పుడు వీరవేణి సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంటుంది.

రెండేళ్ల కిందట ఆ పిల్ల తొలి కాన్పుకి మా దగ్గరికే వచ్చింది. పంతొమ్మిదేళ్లు. వాళ్లది రేవు దాటి అవతల లంక. మొగుడు వేటకెళ్లే బోటు మీద ఉంటాడు, వాళ్లమ్మ నూకాలమ్మ కొబ్బరి పీచు తీసే పనికి వెళుతుంది. నూకాలమ్మని గేటు దగ్గరే ఆపేశారు. పిల్ల భయంతో "అమ్మా అమ్మా" అని కేకలేస్తుంటే, నేను తొడ మీద ఒకటి చరిచి, "అప్పుడు లేని భయం ఇప్పుడెందుకే? నోరుముయ్!" అన్నాను. అనడమేమిటి, ఆ మాట నేను అందర్నీ అనేదాన్ని. నా పైవాళ్లు నా ముందు అన్నారు, నేను నేర్చుకున్నాను. ఆ పిల్ల నోరు మూసేసుకుంది. ఎంతలా మూసుకుందంటే, కాన్పయ్యాక రక్తం ఆగకుండా పోతున్నా మళ్లీ తిడతానేమోనని నాతో చెప్పలేదు. దుప్పటి తడిసి నేలమీదికి కారాక చూశాను. కాకినాడ తీసుకెళ్తే గానీ దక్కలేదు.

ఈసారి తొమ్మిదో నెల వచ్చినా ఆసుపత్రి వైపు రాలేదని ఆశా వర్కరు చెప్పింది. ఇలాంటి మనిషి ఇంట్లోనే కని మళ్లీ రక్తం పోతే, గోదావరి దాటి ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోతుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక రేవు దాటించే పంటు ఎక్కి వాళ్లింటికి వెళ్లాను.

వీరవేణి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. నూకాలమ్మ పీచు పట్టిన చేతులతో చాప వేసింది.

"ఆస్పత్రికి రానంటందండి," అంది. "సచ్చినా ఇక్కడే సత్తానంటంది. ఎంత సెప్పినా ఇనదు."

"అమ్మాయ్, ఈసారి మీ అమ్మని నీ పక్కనే కూర్చోబెడతాను," అన్నాను గుమ్మంలోంచి. "నాది పూచీ."

లోపల్నుంచి గొంతు వినబడింది. "ఒట్టా?"

"బైబిల్ మీద ఒట్టు."

ఒట్టయితే వేసేశాను గానీ, సోమవారం పొద్దున్న సూపరింటెండెంటుగారి గదిలో నిలబడ్డాక తెలిసింది ఎంత పని చేశానో. మాస్టారు కూడా అక్కడే ఉన్నారు.

"తల్లిని రానివ్వడం కుదరదండి," అన్నారు చిదంబరరావుగారు. "రూలు ప్రకారం సమాజ భాగస్వామి మాత్రమే."

"వాళ్లమ్మ సమాజంలో మనిషి కాదాండీ?"

కాశీవిశ్వనాథంగారు గొంతు సవరించుకున్నారు. "అక్కడే పొరబడుతున్నావమ్మా. తల్లి అంటే కుటుంబం. కుటుంబం వేరు, సమాజం వేరు. పైగా కన్నతల్లికి పక్షపాతం ఉంటుంది. నా కూతురు, నా కూతురు అంటుంది. గౌరవం నిష్పాక్షికంగా చూపించాలంటే ఆ పిల్ల ఎవరో తెలియని మనిషే ఉండాలి."

"పైగా శుక్రవారం రాష్ట్ర పరిశీలకురాలు వస్తున్నారు," అన్నారు చిదంబరరావుగారు. "ఆవిడే ముఖ్య అతిథి. ఆవిడ ముందు రూలు తప్పితే అందరం కొట్టుకుపోతాం."

ఆ శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి వీరవేణి వచ్చింది. పంటు దిగి ఆటోలో వచ్చేసరికే నొప్పులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. గేటు దగ్గర నూకాలమ్మని వాచ్‌మన్ ఆపి, బెంచీ మీద కూర్చోమన్నాడు. నేను వెళ్లేలోపే కమిటీవాళ్లు ముందుగానే దండ వేసేసి వీరవేణిని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టేశారు. ఎదురుగా జనం, బెలూన్లు, బడిపిల్లల స్వాగత నృత్యం. ముఖ్య అతిథి కుర్చీ ఒక్కటే ఖాళీ. ఆవిడ వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నారని ఫోను వచ్చింది. అంతవరకూ సభ నడిపించమని చిదంబరరావుగారు మాస్టారికి సైగ చేశారు. మాస్టారికి ఇంకేం కావాలి?

"స్త్రీని గౌరవించడం మన రక్తంలోనే ఉంది," అని మొదలెట్టారు. "ఈ అంశాన్ని నేను పదకొండు భాగాలుగా విభజించుకున్నాను."

నేను వేదిక ఎక్కి వీరవేణి కుర్చీ వెనక నిలబడి పొట్ట మీద చెయ్యి వేశాను. మొదటి భాగం మధ్యలో ఒక నొప్పి. రెండో భాగం మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. మూడో భాగానికొచ్చేసరికి మాస్టారు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఆ పిల్లకి లేదు. రెండో కాన్పు, పైగా రక్తం పోయిన చరిత్ర. ఎప్పుడో లోపల మంచం మీద ఉండాల్సిన మనిషి.

"లోపలికి పద వీరవేణీ," అన్నాను చెవిలో.

"మాయమ్మేది?"

నేను గేటు వైపు చూశాను.

"మాయమ్మ పక్కనుంటదని ఒట్టేసారు కదండీ. మాయమ్మని రానిత్తేనే లోనకొత్తాను." కళ్లనిండా నీళ్లు. పళ్లు బిగించి ఒక నొప్పి ఓర్చుకుని, మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి లేచి నిలబడింది. "అమ్మా! ఆటో పిలువే. ఇంటికెల్లిపోదాం."

"కూర్చోమ్మా, కూర్చో," అన్నారు మాస్టారు మైకులోనే. "నీకు గౌరవం ఇంకా పూర్తి కాలేదు."

ఆ పిల్ల వేదిక మెట్టు దిగింది. ఒక్క మెట్టు. నాకు ఆ రెండేళ్ల నాటి తడిసిన దుప్పటి కళ్ల ముందు కనబడింది. ఆటోలో, పంటు మీద, నడి గోదావరిలో ఈ పిల్లకేమన్నా అయితే ఆ పాపం ముమ్మాటికీ నాదే. ఛీ, ఈ ఉద్యోగం పోతే పోయింది అనుకున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీ, దాని మీద "ముఖ్య అతిథి" అని అట్ట. మాస్టారి చేతిలో మైకు లాక్కున్నాను.

"సభకు నమస్కారం. మనందరం ఎదురుచూస్తున్న ముఖ్య అతిథి, శ్రీమతి నూకాలమ్మగారు, విచ్చేసి ఉన్నారు. వేదికనలంకరించవలసిందిగా వారిని సవినయంగా ఆహ్వానిస్తున్నాను."

ముఖ్య అతిథి అన్న మాట వినబడితే మనవాళ్లకి కాళ్లు వాటంతటవే లేస్తాయి. సభ మొత్తం లేచి నిలబడింది. అంతసేపూ ఆవిణ్ని ఆపిన వాచ్‌మనే పరిగెత్తుకెళ్లి సెల్యూట్ కొట్టి దారి చేశాడు. నూకాలమ్మ బిత్తరపోయి చూస్తుంటే, నేను "రా, రా" అని సైగ చేశాను. నాకు ఒకటే భయం, ఎవరైనా గుర్తుపడతారేమోనని. కానీ చిదంబరరావుగారు పేషెంటు వెంట వచ్చినవాళ్ల మొహం ఎన్నడూ చూసి ఎరగరు. ఆ రోజూ చూడలేదు. గబగబా ఎదురెళ్లి దండ వేశారు. మాస్టారు శాలువా కప్పారు. ఆవిడ వెలిసిపోయిన నేత చీర వంక, పీచు పట్టిన చేతుల వంక చూసి, భద్రం చెవిలో అన్నారు.

"ఎంత నిరాడంబరం చూశావా! పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఇలాగే ఉంటారు."

"ముఖ్య అతిథిగారు రెండు మాటలు మాట్లాడాలి," అని చిదంబరరావుగారు వంగి మరీ మైకు అందించారు.

నూకాలమ్మ మైకు వంక చూసింది, కూతురి వంక చూసింది. "బాబూ, మా పిల్లకి నొప్పులొత్తన్నాయి," అంది. "కూసింత దారివ్వండి."

సభలో ఒకటే చప్పట్లు.

"విన్నారా!" చిదంబరరావుగారు మైకు అందుకున్నారు. "ఎవరో ముక్కూమొహం తెలియని గర్భిణీని పట్టుకుని 'మా పిల్ల' అంటున్నారు! ఇదండీ గౌరవమంటే! అంత పెద్ద హోదాలో ఉండి!"

దారి ఇచ్చారు. ముఖ్య అతిథిగారు కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి పరదా పక్కకి తప్పించి లోపలికి నడిచారు. ఆవిడ వెనకే నేను. "ముఖ్య అతిథిగారు వార్డు సందర్శిస్తున్నారు, అంతవరకు మాస్టారు ప్రసంగం కొనసాగిస్తారు," అని బయట ప్రకటించారు.

లోపల ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. వీరవేణి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నోరారా కేకలేసింది. అరవనిచ్చాను. మధ్యలో ఒకసారి కేక ఆపి నా మొహం వంక చూసింది, తిడతానేమోనని.

"అరువమ్మా," అన్నాను. "క్రితంసారి నేను నిన్నొక మాటన్నాను. తప్పు. అనకూడని మాట."

"గుర్తుందండి," అంది వీరవేణి.

"నాకూ గుర్తుందమ్మా."

ఆడపిల్ల పుట్టింది. కాన్పయిన కాసేపటికి, ఈసారి ఆ పిల్ల తనంతట తనే "సిస్టరుగారండీ, కిందంతా తడిగా ఉందండి" అని చెప్పింది. ఇంజెక్షను చేతిలోనే ఉంది, ఇచ్చేశాను. పొట్ట మర్దన చేస్తూ కూర్చున్నాను. రక్తం ఆగింది. ఆ ఒక్క మాట చెప్పగలిగింది కాబట్టి ఆగింది. బయట మాస్టారు ఏడో భాగంలో ఉన్నారు.

అసలు పరిశీలకురాలు పదకొండింటికి వచ్చారు. ఆవిడ వచ్చేసరికి ముఖ్య అతిథికి దండ వేసేశారు, శాలువా కప్పేశారు. ఒక సభకి ఇద్దరు ముఖ్య అతిథులుండే పద్ధతి లేదు. అందుచేత ఆవిడని ఆత్మీయ అతిథిగా రెండో వరసలో కూర్చోబెట్టారు. అయితే నూకాలమ్మ ఇంకా పైనుంచి వచ్చిన మనిషే అయ్యుంటుందని వీళ్లు తేల్చుకుని ఆవిడకీ అదే చెబితే, తనకంటే పైనుంచి వచ్చారు కాబోలనుకుని ఆవిడ కూడా చడీచప్పుడూ లేకుండా కూర్చున్నారు.

నెల తిరక్కుండా ఆవిడ నివేదిక వచ్చింది. "సాక్షాత్తూ ముఖ్య అతిథియే లేబర్ రూములోనికి వెళ్లి, ప్రసవము పూర్తియగు వరకు గర్భిణీ చేయి పట్టుకుని కూర్చున్న ఏకైక ఆసుపత్రి." మాకు రాష్ట్రంలో ఉత్తమ గౌరవ ఆసుపత్రి అని షీల్డు ఇచ్చారు. అన్ని చోట్లా ఇదే పద్ధతి పెడతారట, కాబట్టి ఆ ముఖ్య అతిథి హోదా ఏమిటో తెలియజేయమని ఒక ఫారం పంపారు.

ఆ ఫారం నా చేతికొచ్చింది. "హోదా" అన్నచోట "తల్లి" అని రాసి సంతకానికి పెట్టాను. చిదంబరరావుగారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"తల్లి... ఇది ఏ కేడరు? గెజిటెడ్డా, నాన్ గెజిటెడ్డా?"

"గెజిటెడ్డేనండి."

ఆయన టిక్కు పెట్టి సంతకం చేశారు. దసరా వెళ్లేసరికి పైనుంచి ఉత్తర్వులు వచ్చేశాయి. "ఇకమీదట ప్రతి ప్రసవమునకు ముఖ్య అతిథి తప్పనిసరి. తల్లి హోదా గల వ్యక్తిని ఆహ్వానించవలెను. తల్లి అందుబాటులో లేనిచో, గర్భిణీ కోరిన తత్సమాన హోదా గల వేరొకరిని పిలువవలెను. ముఖ్య అతిథి లేబర్ రూములోనికి ప్రవేశించుటను ఎవరును అడ్డగించరాదు." నేను చదివి, మళ్లీ చదివి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. నాలుగు నెలల నవ్వు.

ఆ తర్వాత వారానికి అనుబంధం-3 కూడా వచ్చింది. ఒకటే కాగితం, నాలుగే లైన్లు. పేరు పెట్టి పిలువవలెను. తలుపునకు పరదా ఉండవలెను. ఆమె కోరిన మనిషిని తోడుండనీయవలెను. దుర్భాషలాడరాదు. చిదంబరరావుగారు అటూ ఇటూ తిప్పి చూశారు. శాలువా లేదు, ముఖ్య అతిథి ప్రస్తావన లేదు. "ఇది బాగా వెనకబడి ఉందండి, మనం ఎప్పుడో దాటొచ్చేశాం," అని అభ్యంతరాలు రాసి వెనక్కి తిప్పి పంపేశారు. పంపేముందు నేనొక జిరాక్సు తీసుకుని లేబర్ రూము గోడకి అంటించుకున్నాను.

మొన్న మాఘంలో ఒకమ్మాయి కాన్పుకి వచ్చింది. వీరవేణి ఆడపడుచు. ఆ పిల్లకి తల్లి లేదు. ముఖ్య అతిథిగా ఎవరు కావాలమ్మా అంటే, మా వదినని పిలవండి అంది. చంకలో పాపని నూకాలమ్మకిచ్చి వీరవేణి వేదిక ఎక్కింది. మాస్టారు రిజిస్టరు తెరిచారు.

"హోదా?"

"వదినండి."

మాస్టారు చిదంబరరావుగారి వంక చూశారు. ఆయన కాసేపు ఆలోచించి, "తత్సమానమే," అన్నారు.

శాలువా కప్పారు. దండ వేశారు. ఇప్పుడు ఉపన్యాసాలు లేవు, ముఖ్య అతిథి తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదని ఉత్తర్వుల్లో ఉంది. ఆ లైను ఆ ఫారంలో నేనే సూచించాను. "రెండు మాటలు చెప్పమ్మా," అని మైకు ఇచ్చారు.

వీరవేణి మైకు పట్టుకుని, పక్కన నొప్పులతో మెలికలు తిరుగుతున్న ఆడపడుచు వైపు తిరిగింది. ఆ పిల్ల నన్ను చూసి బిక్కచచ్చిపోయి ఉంది. నా నోటి సంగతి ఆ లంకలో ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారన్నమాట.

"బయపడకే," అంది వీరవేణి, మైకులోనే, అందరికీ వినబడేలా. "ఈ సిస్టరుగారు మునుపు తిట్టీవోరు. ఇప్పుడు తిట్టరు. అరుసుకో."

సభలో చప్పట్లు మోగాయి. మాస్టారు కూడా కొట్టారు, ఎందుకో ఆయనకి తెలియదు. నాకు కళ్లు తడిశాయి, సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. ఇరవై రెండేళ్లలో నాకెవరూ శాలువా కప్పలేదు, ఇక ఎవరూ కప్పక్కర్లేదు అనిపించింది.

"పదండి, పదండి," అన్నాను, మొహం తుడుచుకుని. "ముఖ్య అతిథిగారూ, ఆ దండ తీసి అక్కడ పడేసి, చేతులు కడుక్కుని రండి. పరదా వేసేస్తున్నాను."